గియాస్ మామూ మూడో పరీక్ష

2012 సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం మీర్ గియాసుద్దీన్ షామ్‌బర్గ్ దగ్గరి లైసెన్స్ ఆఫీసు ముందు కారు ఆపి, పక్క సీట్లో ఉన్న ఎగ్జామినర్ ముఖం వైపు చూశారు. ఆమె నవ్వలేదు. చేతిలోని కాగితం మీద టిక్కులు పెట్టి, పాస్ కాలేదని చెప్పి, దిగి లోపలికి వెళ్లిపోయింది. ఆయన కాసేపు అలాగే కూర్చున్నారు. కారు నెత్తిన ‘స్టూడెంట్ డ్రైవర్’ అన్న పసుపు బోర్డు ఉంది. అది ఆయన కోసం పెట్టింది కాదు. ఆ ఊళ్లో ఆయన ఎనిమిదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నారు.

ఇల్లినాయ్‌లో డెబ్భై అయిదు నిండేవాళ్లు లైసెన్స్ రెన్యూ చేయించుకోవాలంటే మళ్లీ రోడ్డు మీద కారు నడిపి చూపించాలి. అవకాశాలు మూడు. మొదటిది ఆ ఉదయం పోయింది. నవంబరు మొదటి వారంలో వచ్చే పుట్టినరోజుతో పాత లైసెన్స్ గడువు తీరిపోతుంది. లైసెన్స్ లేని మనిషికి డ్రైవింగ్ స్కూల్లో పని ఉండదు. పని సంగతి అలా ఉంచినా, షామ్‌బర్గ్‌లో కారు నడపని మనిషి పాలకీ మందులకీ కూడా ఎవరో ఒకరికి ఫోన్ చేసి అడగాలి. ఎవరినీ ఏదీ అడగకుండా బతికిన మనిషికి ఆ రెండోదే ఎక్కువ కష్టంగా తోచింది.

నిజానికి ఆ పుట్టినరోజుకి ఆయనకు నిండేది డెబ్భై మూడే. మిగతా రెండేళ్లు కరాచీలో వచ్చి చేరాయి.

పుట్టింది హైదరాబాద్ చంచల్‌గూడాలో. 1948 చివర్లో తండ్రి కుటుంబాన్ని తీసుకుని కరాచీ వెళ్లిపోయాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్లు. గల్లీలో గోలీలాడుతూ నేర్చుకున్న తెలుగు కూడా వెంట వెళ్లింది గానీ, అక్కడ మాట్లాడటానికి ఎవరూ దొరకలేదు. పదహారేళ్లప్పుడు రేడియో నాటకాల్లో వేషం అడగడానికి వెళ్తే పద్దెనిమిది నిండాలన్నారు. తండ్రి ఎవరినో పట్టుకుని ఒక కాగితం పుట్టించాడు. దాని ప్రకారం గియాసుద్దీన్ 1939లో కాక 1937లో పుట్టాడు. వేషం దొరికింది. ఆ తర్వాత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ ఆ కాగితం మాటే నమ్మాయి.

రేడియో నుంచి నాటకాలకు, నాటకాల నుంచి టీవీకి వచ్చారు. డెబ్భైల్లో కరాచీ టీవీలో ఆయన వేసిన హైదరాబాదీ మామూ వేషం ఇంటింటికీ తెలుసు. అద్దె ఇవ్వకుండా పై వాటాలో ఉంటూ, ఇంటి యజమానికే సంసారం ఎలా చేయాలో చెప్పే మామూ. అప్పటి నుంచి అందరికీ ఆయన గియాస్ మామూయే. స్టేజీ నాటకాల వీడియో క్యాసెట్లు దుబాయ్‌లో, లండన్‌లో, చికాగో డెవాన్ అవెన్యూ కొట్లలో అద్దెకు దొరికేవి. ఒక వయసు దాటిన పాకిస్తానీలకు ఇప్పటికీ ఆయన పేరు చెబితే ముందు నవ్వొస్తుంది, తర్వాత మాట వస్తుంది.

ఎదుటివాడి మీద అప్పటికప్పుడు చమత్కారం విసరడం ఆయన పద్ధతి. విసిరిన మరుక్షణం ఆ మనిషి ముఖంలోకి చూసేవారు. నవ్వు ముందు కళ్లలో కనిపిస్తుంది, తర్వాత చెవికి వినిపిస్తుంది, ఈ రెంటి మధ్య దొరికిన కాస్త వ్యవధిలో తర్వాతి మాట తయారు చేసుకోవాలి అని కొత్త నటులకు చెప్పేవారు. నలభై ఏళ్లు అలాగే చేశారు. ఆ నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా కారు నడపలేదు. డ్రైవర్ ఉండేవాడు. వెనక సీట్లో కూర్చుని డ్రైవర్‌ని నవ్విస్తూ ఇంటికి చేరేవారు.

2001 మే నెలలో కరాచీ కళాకారుల బృందంతో అమెరికా వచ్చారు. అప్పటికే భార్య పోయి రెండేళ్లు. కూతురు నఈమా షామ్‌బర్గ్‌లో ఫార్మసిస్టు. ప్రదర్శనలు అయిపోయాక కొన్నాళ్లు కూతురి దగ్గర ఉందామనుకున్నారు. సెప్టెంబరు పదకొండు వచ్చింది. ఒప్పుకున్న ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే రద్దయ్యాయి. ఆ ఏడాది చివర్లో ఒక్కటి మాత్రం జరిగింది, ఒక హాలు బేస్‌మెంట్‌లో. జనం నవ్వారు గానీ నవ్వే ముందు తలుపు వైపు చూసుకున్నారు. ఇంటికి వచ్చాక ఆయన ఇక చాలన్నారు. అమెరికా పౌరురాలైన నఈమా తండ్రికి గ్రీన్ కార్డుకి అప్లై చేసింది, మరుసటి ఏడాది వచ్చింది.

ఆ ఊరికి చలి ఎక్కువ, బస్సులు తక్కువ. పగలంతా కిటికీ దగ్గర కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. వరంగల్ నుంచి వచ్చి అక్కడ డ్రైవింగ్ స్కూల్ పెట్టుకున్న రాజ్ దగ్గర, కాగితం మీద అరవై అయిదేళ్లు ఉండగా, డ్రైవింగ్ నేర్చుకున్నారు. వెనక సీట్లో ఇంకో విద్యార్థి ఎవరో ఒకరు కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసేవారు. గియాసుద్దీన్ బండి ఎక్కిన రోజున ఆయన మాటలకు నవ్వి ఆ వెనక సీటు వాళ్లు తక్కువ వణుకుతున్నారని రాజ్ గమనించాడు. ముందు ఆఫీసులో ఫోన్లు తీసే పని ఇచ్చాడు. 2004లో ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్ తెప్పించి, కుడివైపు, నేర్పేవాళ్ల సీటు ముందు కూడా బ్రేక్ ఉండే కారు ఒకటి అప్పగించాడు.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగు ఆడవాళ్లు. భర్తకు హెచ్-1బి వీసా, తమకు దాని మీద హెచ్-4. చదువు ఉంది, పని చేసే అనుమతి లేదు, కారు రాదు. భర్త ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా అపార్ట్‌మెంటే ప్రపంచం. వీళ్లతో మాట్లాడటానికి ఆయన చంచల్‌గూడా తెలుగు మళ్లీ బయటికి తీశారు. మొదట్లో అంకెలూ, తిట్లూ మాత్రమే సరిగ్గా వచ్చేవి. రెండేళ్లకు మిగతాదీ వచ్చింది. వాళ్లు ఆయన్ని ‘మామూ గారూ’ అనేవాళ్లు. కరాచీలో ఆయన ఎవరో వాళ్లకు తెలియదు. ఒకసారి డెవాన్ అవెన్యూ హోటల్ యజమాని ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడితే, అతనూ మామూ గారి దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుని ఉంటాడనుకుంది వెంట ఉన్న తెలుగమ్మాయి.

ఆయన పాఠాలు పుస్తకంలో ఉన్నట్టు ఉండేవి కావు. స్టాప్ సైన్ దగ్గర బండి పూర్తిగా ఆపకుండా జార్చుకుంటూ పోవడం అందరూ చేసే తప్పు. ఆ కంబం పక్కన మీ మామగారు నిలబడ్డారనుకోండి, ఆగి సలాం చెప్పండి, ఆయన తల ఊపాకే కదలండి అనేవారు. హైవే మీదికి ఎక్కడం అంటే పెళ్లి ఊరేగింపులో దూరడం. వాళ్ల వేగంతో నడిస్తే ఎవరూ ఏమనరు, మధ్యలో ఆగి నిలబడితేనే తోస్తారు. ఇలా చెబుతూ విద్యార్థి ముఖంలోకి చూసేవారు. నవ్వు వచ్చిందంటే చేతుల బిగువు సడలిందని లెక్క. ఆయన కుడి సీట్లో ఉంటారు, కాలు బ్రేకు మీద ఉంటుంది కాబట్టి అలా చూడటం వల్ల నష్టమేమీ లేదు.

కృష్ణవేణి ఆయన దగ్గరికి 2008లో వచ్చింది. ఏలూరు అమ్మాయి, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివింది. భర్త గోపీనాథ్ ఆమెకి ముందు తనే నేర్పబోయాడు. మాల్ వెనక ఖాళీ పార్కింగ్‌లో రెండు ఆదివారాలు నేర్పాక ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఇంకో ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్తే అతను కేకలేశాడు. మూడో మనిషిగా గియాసుద్దీన్ దగ్గరికి వచ్చి, సీట్లో కూర్చున్నాక కూడా తాళం తిప్పలేదు.

“నాకు రాదండీ. ముందే చెప్పేస్తున్నా,” అంది.

“నాకు గూడ రాకుండె బేటీ. అసలు లెక్కల అరవై మూడేళ్లకు నేర్చుకున్న. నీకెంత?”

“ఇరవై తొమ్మిది.”

“ఐతే ఇంక ముప్పై నాలుగేళ్లున్నయ్ నీకు. ఆరాంగ నడుపు.”

రెండు నెలలకి ఆమెకి బండి వచ్చింది. పరీక్షలో మాత్రం ఫెయిలైంది. నాలుగు వైపులా స్టాప్ సైన్లు ఉన్న కూడలిలో ముందు వచ్చిన బండి ముందు పోవాలి. ఆమె వంతు వచ్చింది, ఆమె కదల్లేదు. చెయ్యి ఊపి మిగతా ముగ్గురినీ ముందు వెళ్లమంది. ఎందుకలా చేశావని ఆయన అడిగితే, మర్యాద కదండీ అంది.

“మర్యాద ఇంట్ల జెయ్యి. ఆడ నీ వంతొచ్చినంక నువ్వు పోకుంటె ముగ్గురికి పరేషాన్. పెళ్లి బఫేల ప్లేటు వట్టుకొని నిలవడ్డవ్, నీ వంతొచ్చింది. వెనకోనికి గంటె ఇస్తవా? ఇయ్యవ్. మంచి ముక్కలు జూస్కొని ఏస్కుంటవ్.”

“నేను వెజ్ అండీ.”

“ఐతే పనీర్ ఏస్కో.”

ఆ మాటకి ఆమె నవ్వింది, రెండోసారి పాసైంది. తర్వాత కూడా రాకపోకలు ఆగలేదు. రంజాన్‌కి నఈమా ఇంటి నుంచి సేమియా, దీపావళికి కృష్ణవేణి ఇంటి నుంచి జంతికలు ఆ రెండు మైళ్ల దూరం ప్రయాణం చేసేవి. కృష్ణవేణికి కూతురు పుట్టింది, స్కూల్లో చేరింది. ఆమె హెచ్-4 మాత్రం మారలేదు.

సెప్టెంబరు పరీక్షలో ఏం జరిగిందో ఆయన ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. జరిగింది ఇది. బండి కదిలిన కాసేపటికి ఆయన ఎగ్జామినర్‌తో, నా విద్యార్థులు ఇక్కడ ఫెయిలైనప్పుడల్లా కళ్లు తుడుచుకోవడానికి టిష్యూలు నేనే కొంటున్నాను, ఈసారి మీరు కొనాలి అన్నారు. మాట పేలిందో లేదో చూడటానికి ఆమె వైపు తిరిగారు. ఆ తిరగడంలో స్టాప్ గీత ముందు టైర్ల కింద నుంచి వెళ్లిపోయింది. ఆమె నవ్వకపోవడంతో ఇంకోటి వేశారు. మళ్లీ చూశారు. ఈసారి సైకిల్ మీద ఒకాయన అడ్డం వచ్చాడు.

అక్టోబరులో రెండో పరీక్షకు అదే ఎగ్జామినర్ వచ్చింది. నోరు మెదపకూడదని ఆయన ఒట్టు పెట్టుకుని వెళ్లారు. సగం దూరం బాగానే సాగింది. అప్పుడామె, ఇక్కడ ఎత్తు ఎక్కే కొండ ఉందనుకుని బండి పార్క్ చేయండి అంది. షామ్‌బర్గ్ చుట్టుపక్కల కొండ లేదు. పరీక్షలో అందరూ ఉందనుకునే చేస్తారు. కానీ లేని వస్తువు ఉన్నట్టు నటించమని ఒక నటుణ్ణి అడిగాక ఊరుకోవడం ఎలా? ఆయన బండి జారిపోకుండా చక్రాలు సరిగ్గానే తిప్పారు, హ్యాండ్ బ్రేక్ వేశారు, ఆ తర్వాత కిటికీలోంచి కిందికి చూసి ఎత్తుకి కళ్లు తిరిగిన మనిషిలా సీటు పట్టుకున్నారు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అక్కడి నుంచి తిరిగి వస్తూ ఆయన దారంతా ఆమె వైపే చూశారు. పిల్లల స్కూల్ ముందు ఇరవై మైళ్లలో వెళ్లాల్సిన బండి ఇరవై ఏడులో వెళ్లింది.

రాజ్ ఆ సాయంత్రం ఇంటికే వచ్చాడు.

“మామూ, లైసెన్స్ లేకుంటె ఇన్సూరెన్సోళ్లు ఒప్పుకోరు. నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు.”

నఈమాకి ఏడాదిగా ఒకటే కోరిక, తండ్రి ఈ పని మానేసి మనవల దగ్గర ఉండాలని. ఆ రోజు కూడా అదే అంది. ఆయన సరేనని తల ఊపి లోపలికి వెళ్లి పడుకున్నారు. ఏ మాటకీ జవాబివ్వకుండా వదలని మనిషి తల ఊపడం ఆమె అంతకుముందు చూడలేదు. మర్నాడూ అంతే. భోజనం దగ్గర ఉప్పెక్కువైందని కూడా అనలేదు. మూడో రోజున, తండ్రి ఓడిపోవాలని కోరుకున్నది తానే అయినా, నఈమా కృష్ణవేణికి ఫోన్ చేసింది. ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడట్లేదు, ఒకసారి రాగలవా అని అడిగింది.

కృష్ణవేణి పాపని స్కూల్‌లో దింపి వచ్చింది. ఓదార్పు మాటలేమీ అనకుండా, డ్రైవింగ్ స్కూల్ కారు తాళాలు ఎక్కడున్నాయని అడిగింది. ఆయన్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి తను కుడివైపు కూర్చుంది. వీధి చివరికి వెళ్లేలోపు ఆయనకు కొంచెం ప్రాణం వచ్చింది. నాకు నేర్పే టీచరమ్మకి ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోవాల్సింది, గోపీనాథ్‌ని అడిగితే డిస్కౌంట్ ఇచ్చేవాడేమో అన్నారు. ఆమె నవ్వింది. ఆయన ఆమె వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే ఒక ఇంటి ముందు నుంచి పికప్ ట్రక్కు వెనక్కి వచ్చింది. కృష్ణవేణి తన వైపు బ్రేకు తొక్కింది.

ఆమె దిగి పేవ్‌మెంట్ మీద నిలబడింది. ఒక్కరే ఆ బ్లాక్ చుట్టి రమ్మంది. ఆయన వెళ్లి వచ్చారు. గీత దగ్గర ఆగడం, అద్దాలు చూడటం, సిగ్నల్ వేయడం, ఏదీ వంక పెట్టేలా లేదు. మళ్లీ వెళ్లమంది. మళ్లీ అంతే. ఒంటరిగా ఉంటే ఆయన మంచి డ్రైవరు. పక్కన మనిషి ఉంటే స్టేజీ ఎక్కినట్టే.

అయితే నేను నవ్వకపోతే సరిపోతుందని ఆమె అనుకుంది. మర్నాడు పెదవులు బిగబట్టి కూర్చుంది. దానివల్ల ఇంకా చెడింది. నవ్వని మనిషి పక్కన ఉంటే ఆయన వదిలిపెట్టే రకం కాదు. ఒక మైలు దూరంలో ఆరు జోకులు వేశారు, ఆరుసార్లూ తిరిగి చూశారు. ఆమె గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో బండి ఆపించింది.

“మీరు రోడ్డు చూడట్లేదు మామూ గారూ. నన్ను చూస్తున్నారు.”

“అలవాటమ్మా. మాట ఇడిచినంక ముఖం చూడకుంటె, అది తగిలిందో లేదో నాకెట్ల తెల్వాలె?”

“తగలకపోతే ఏమవుద్ది?”

“ఏం గాదు. ఇంకోటి ఏస్త.”

“అదే ప్రాబ్లం.”

ట్రాలీలు తోసుకుంటూ జనం పోతున్నారు. మూడో పరీక్షకు ఇంకా రెండు వారాలున్నాయి. నోరు కట్టేసుకోమంటే లాభం లేదని ఆమెకు అర్థమైంది. అక్టోబరులో ఆయన చేసింది అదే. మాట ఆగింది గానీ చూపు ఆగలేదు. చివరికి ఆమె, స్టేజీ మీద మీరు ఎప్పుడూ మొహం చూడని మనిషి ఒక్కళ్లయినా ఉన్నారా అని అడిగింది.

ఉన్నాడన్నారు. ప్రాంప్టర్. వాళ్ల నాటకాల్లో సీన్లు ప్రదర్శన రోజు సాయంత్రం కూడా మారేవి. తెర పక్కన స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని, ఎవరైనా మాట మరిచిపోతే మెల్లగా అందించేవాడు. చెవి అటు ఉండాలి, తల మాత్రం అటు తిరగకూడదు. తిరిగితే మరిచిపోయావని హాలంతటికీ తెలిసిపోతుంది.

“ఇరవై ఏళ్లు ఆయన ముఖం దిక్కు చూడలే,” అన్నారు. “రిటైరైనంక ఒక పెండ్లిల చూసిన. మంచిగనే ఉన్నడు.”

“ఆవిడ కూడా ప్రాంప్టరే అనుకోండి. లెఫ్ట్ అంటుంది, మీరు లెఫ్ట్ తిప్పుతారు. ఆవిడ నవ్వితే ఏంటి, నవ్వకపోతే ఏంటి? ఆవిడ చూడ్డానికి రాలేదు. అందించడానికి వచ్చింది.”

“మరి ఆడియన్స్?”

ఆమె ముందు అద్దంలోంచి రోడ్డు చూపించింది. సిగ్నల్ దగ్గర ఒక చెత్త ట్రక్కు, దాని వెనక రెండు వ్యాన్లు, ఒక స్కూల్ బస్సు ఆగి ఉన్నాయి.

“హౌస్ ఫుల్,” అన్నారు గియాసుద్దీన్.

ఆ రోజు నుంచి ఆమె వారానికి నాలుగు ఉదయాలు వచ్చింది. గంటకింతని ఇస్తానని రాజ్ అంటే వద్దంది. హెచ్-4 మీద ఉన్నవాళ్లు జీతం తీసుకుంటే గోపీనాథ్ గ్రీన్ కార్డు ఫైలు దాకా సమస్య వస్తుంది. ఆమె కుడివైపు కూర్చుని, ప్రాంప్టర్‌లాగే గొంతు తగ్గించి, రైట్, లెఫ్ట్, లేన్ మారండి అని మాత్రం అనేది. మొదటి రెండు రోజులు ఆయన తల అలవాటుగా తిరిగేది. తిరిగినప్పుడల్లా ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చునేది, ఆయనకు వెనక జడ తప్ప ఏమీ కనబడకుండా. తర్వాత తిరగడం మానేశారు. మాటలు మానలేదు. ముందున్న ట్రక్కుతో మాట్లాడేవారు, పసుపు లైటుని తిట్టేవారు, దారికి అడ్డం వచ్చిన బాతుల గుంపుకి ఈద్ ముబారక్ చెప్పారు. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండేది. కృష్ణవేణికి నవ్వొస్తే నవ్వింది. అది ఆయన చెవికి వినబడింది, అంతే.

మూడో పరీక్ష పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు పడింది. రాత్రి వాన కురిసి రోడ్డంతా ఆకులు అంటుకుని ఉన్నాయి. ఇది పోతే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి, ఈలోపు లైసెన్స్ చచ్చిపోతుంది, స్కూల్లో ఆయన చోటికి రాజ్ ఇంకొకరిని చూసుకోక తప్పదు. నఈమా ఫార్మసీకి సెలవు పెట్టి వచ్చింది. కృష్ణవేణీ ఆమే లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. రెండుసార్లు ఫెయిల్ చేసిన ఎగ్జామినరే మళ్లీ కాగితాల అట్ట పట్టుకుని బయటికి వెళ్లడం చూసి నఈమా ఉర్దూలో ఏదో గొణుక్కుంది. అది దువానో తిట్టో కృష్ణవేణి అడగలేదు.

కారులో ఏం జరిగిందో తర్వాత ఆయన చాలాసార్లు చెప్పారు, కాబట్టి తెలుసు. ఆమె లెఫ్ట్ అంది, ఆయన లెఫ్ట్ తిప్పారు. స్కూల్ ముందు ఇరవై దాటలేదు. కొండ ఉందనుకోమంది. ఆయన చక్రాలు తిప్పి, హ్యాండ్ బ్రేక్ వేసి, కొండని ఊరికే వదిలేశారు. నాలుగు స్టాప్ సైన్ల కూడలిలో తన వంతు వచ్చేదాకా ఆగి, రాగానే వెళ్లారు. వెనక్కి వచ్చే దారిలో, ఆఫీసు బోర్డు కనబడుతుండగా, ఆమె ఇంగ్లిష్‌లో మెల్లగా అడిగింది.

“ఈరోజు కథలేమీ లేవా?”

ఆయన రోడ్డు మీద నుంచి కళ్లు తీయలేదు. “పాసైతే చెప్తాను,” అన్నారు.

ఆమె నవ్విందో లేదో ఆయన చూడలేదు. బండిని గీతల మధ్య నిలిపి, గేరు పార్కింగ్‌లో వేసి, ఇంజన్ ఆపేశాక కూడా స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చున్నారు. పాస్ అని ఆమె చెప్పింది. అప్పుడు తిరిగి చూస్తే ఆమె తల వంచుకుని రాసుకుంటోంది.

లోపలికి వచ్చిన మనిషి ముఖం చూసి నఈమాకి సంగతి తెలియలేదు, ఎందుకంటే ఆయన కావాలనే దిగులు ముఖం పెట్టుకుని వచ్చారు. కృష్ణవేణి మోసపోలేదు. ఆమె లేచి వెళ్లి ఫోటో తీసే కౌంటర్ దగ్గర క్యూలో చోటు పట్టుకుంది. ఫెయిలైనవాళ్లు ఆ వైపు రారని అక్కడికి వచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. నఈమా తండ్రి భుజం మీద ఒక్క దెబ్బ వేసి, ఆ తర్వాత చాలాసేపు అదే భుజం పట్టుకుని నిలబడింది. పని మానేయమనే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం భోజనం దగ్గర ఆయన కూరలో ఉప్పెక్కువైందన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఎగ్జామినర్‌కి బాకీ ఉన్న కథ ఆయన మరుసటి నెలలో, ఒక విద్యార్థిని పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు చెప్పారు. పార్కింగ్‌లో, బండి బయట నిలబడి చెప్పారు కాబట్టి ముఖం చూడటానికి అడ్డేమీ లేదు. ఆమె నవ్విందని ఆయన అంటారు. మర్యాదకి కాస్త పళ్లు చూపించింది, అంతేనని పక్కనున్న విద్యార్థిని అంటుంది.

ఆ తర్వాత కరాచీ నుంచి వచ్చిన ఒక టీవీ చానల్ వాళ్లు ఆయన మీద అరగంట కార్యక్రమం తీశారు. పాత క్లిప్పులు కొన్ని వేసి, ఇప్పుడేం చేస్తున్నారని అడిగారు. డ్రైవింగ్ నేర్పుతున్నానంటే జోకనుకుని నవ్వారు. ఆయన వాళ్లని కారెక్కించుకుని షామ్‌బర్గ్ అంతా తిప్పారు. కెమెరామన్ కుడి సీట్లో ఉన్నాడు. కార్యక్రమం నిండా ఆయన పక్క ముఖమే కనబడుతుంది, ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. కరాచీ ప్రేక్షకులు, మామూకి అమెరికా వెళ్లాక పొగరొచ్చిందని కామెంట్లు పెట్టారు.

2015 మే నెలాఖరులో, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ల భార్యలు పని చేసుకోవచ్చని హెచ్-4 నిబంధన మారింది. కృష్ణవేణి మొదటి వారంలోనే అప్లై చేసింది. ఎమ్మెస్సీకి తగ్గ ఉద్యోగం చూసుకోమని గోపీనాథ్ అన్నాడు. చూస్తానంది. ఈలోగా ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్ పరీక్ష రాసి పాసైంది. వర్క్ పర్మిట్ కార్డు సెప్టెంబరులో చేతికొచ్చింది. రాజ్ రెండో కారు కొన్నాడు. గియాసుద్దీన్ ఇప్పుడు వారానికి మూడు రోజులే నేర్పుతున్నారు, మిగతా రోజులు కృష్ణవేణివి. ఆయన లైసెన్స్ 2016 నవంబరు దాకా చెల్లుతుంది.

కృష్ణవేణి మొదటి క్లాసు సోమవారం ఉదయం తొమ్మిదింటికి. విద్యార్థిని పేరు రష్మి, ప్లేనో నుంచి షామ్‌బర్గ్ వచ్చి నెల అయింది. భర్త దగ్గర రెండు ఆదివారాలు నేర్చుకుందట.